లాక్, రూసోలను పిల్లలే తేల్చుకునేలా: తరగతిలో చర్చ ఎలా నడపాలి

తొమ్మిదో తరగతి సాంఘికంలో ఫ్రెంచి విప్లవం పాఠం మొదలైన కాసేపటికే మూడు పేర్లు వస్తాయి: లాక్, రూసో, మాంటెస్క్యూ. పాలించే అధికారం ఎక్కడిదని ప్రశ్నించిన యూరప్ తత్వవేత్తలు. ఎవరు ఏ పుస్తకం రాశారో పిల్లలు జతపరచడం నేర్చుకుంటారు, మార్కులు తెచ్చుకుంటారు, ఏడాది తిరిగేసరికి ముగ్గురినీ కలిపేస్తారు. తర్వాత సివిక్స్‌లో మళ్లీ అవే పేర్లు, మళ్లీ నోట్సు.

ఇది చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఆ ముగ్గురూ పట్టుకున్నవి మన పిల్లలు రోజూ అడిగే ప్రశ్నలే. అతని మాట నేనెందుకు వినాలి? ఇది నీదని ఎవరన్నారు? బలమున్నవాడు చెప్పిందే న్యాయమా? ఒప్పుకున్న మాట తప్పితే ఏం చేయాలి? మన విశాఖలో గాజువాకలోనైనా, ఆరిలోవలోనైనా, మధురవాడలోనైనా ఇంటర్వెల్‌లో ఆటస్థలం దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి, ఇవన్నీ వినపడతాయి. క్లాసులోకి వచ్చాక మాత్రం వినపడవు.

ఆ ముగ్గురి ఆలోచనలు పెరిగిన కాలాన్ని జ్ఞానోదయ యుగం అంటారు. 1784లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక బెర్లిన్ మాసపత్రికలో జ్ఞానోదయం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు రాశాడు. నీ బుద్ధిని నువ్వే వాడే ధైర్యం చెయ్యి అన్నది దాని సారం. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, పిల్లల్ని నోట్సులో ఎక్కించుకోమంటే అది వాళ్లకు చేరదు. అందుకే నేను చెప్పే పద్ధతిలో పాఠం వివరించడం ముందు రాదు. ముందు అసలు పుస్తకంలోంచి తీసిన ఒక చిన్న మూలభాగం పిల్లల చేతికి వెళ్తుంది, ప్రశ్న వాళ్లు వేస్తారు, చర్చ వాళ్లే నడుపుతారు. మీ పని అంతకుముందే చాలావరకు అయిపోవాలి. హైస్కూలు సాంఘికం మాస్టార్లకు, టీచర్లకు, ఇంటర్, డిగ్రీ మొదటి ఏడాది చెప్పే లెక్చరర్లకు కూడా ఇది పనికొస్తుంది.

మొదటి పని: ఎనిమిది పది వాక్యాలు ఎంచుకోండి

పాఠ్యపుస్తకంలో ఉన్న సారాంశంతో చర్చ జరగదు. 'లాక్ రాజుల దైవదత్త అధికారాన్ని ఖండించాడు' అన్న వాక్యం మీద ఎవరు మాత్రం ఏం వాదిస్తారు? అప్పటికే తీర్పు వచ్చేసింది. లాక్ ఎలా ఖండించాడో, ఏ మెట్టు మీంచి ఏ మెట్టుకు ఎక్కాడో కనపడాలి. అప్పుడే ఏ మెట్టు వదులుగా ఉందో పిల్లలు పట్టుకుంటారు.

విశాఖలో చెప్పేవాళ్లకు నేను మొదట సూచించేది ప్రభుత్వం గురించి లాక్ 1689లో అచ్చువేసిన రెండు వ్యాసాల్లో రెండోదాన్ని. అందులో ఆస్తి గురించిన అయిదో అధ్యాయం చూడండి. అక్కడ లాక్ సముద్రం గురించి, చేపల గురించి మాట్లాడతాడు. ఇంతకంటే మన ఊరికి దగ్గరైన మూలం దొరకదు. సారం చెడకుండా పిల్లల కోసం తేలిక చేసుకున్న తెలుగు ఇది:

'భూమి, దాని మీద ఉన్నవన్నీ మనుషులందరికీ ఉమ్మడి. అయినా ప్రతి మనిషికీ తన ఒళ్లు తనదే. తన ఒంటి కష్టం, తన చేతుల పని తనవే. ప్రకృతి ఉమ్మడిగా ఉంచినదాంట్లోంచి దేన్నయినా తీసి, దానికి తన కష్టం కలిపితే అది తన సొంతం అవుతుంది. అయితే మిగతావాళ్లకు కూడా సరిపడినంత, అంతే మంచిది, మిగిలి ఉండాలి. సముద్రం ఇప్పటికీ మనుషులందరి ఉమ్మడి. అందులో ఎవరు చేప పడితే ఆ చేప, పట్టిన కష్టం వల్ల, వాళ్లది.'

అంతే. అరపేజీ జిరాక్స్. ఇద్దరికి ఒకటి ఇచ్చినా సరిపోతుంది. కాగితంలో పక్కన వెడల్పుగా ఖాళీ వదలండి, పిల్లలు గీతలు గీసుకోవాలి, రాసుకోవాలి. ఇంగ్లీషు మీడియం క్లాసైతే ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు వేయండి. చదవడం ఏ భాషలో చదివినా చర్చ మాత్రం వాళ్లు ఇంట్లో పోట్లాడుకునే భాషలో జరగనివ్వండి. పరీక్షలో ఇంగ్లీషులో రాయాలి కదా అన్న టెన్షన్ వద్దు. ఆలోచన తేలితే రాయడం తర్వాత వస్తుంది.

రెండో పని: కూర్చోబెట్టడం, బాధ్యతలు పంచడం

ఒక్కో సెక్షన్‌లో యాభై మంది, అంతకంటే ఎక్కువే ఉంటారు. అందరూ ఒకేసారి మాట్లాడే చర్చ ఉండదు. పన్నెండు మంది లోపలి వలయంలో, మిగతావాళ్లు చుట్టూ. సగం పీరియడ్ అయ్యాక మార్చండి. బెంచీలు కదలకపోతే ముందు రెండు వరసలవాళ్లను వెనక్కి తిప్పి కూర్చోబెడితే చాలు, మొహాలు ఎదురెదురుగా ఉంటాయి. వరండా ఉంటే ఇంకా మంచిది. కానీ మన ఉక్కపోతలో అది పొద్దున మొదటి రెండు పీరియడ్లకే పనికొస్తుంది.

బయట కూర్చున్నవాళ్లకు పని లేకపోతే గోల మొదలవుతుంది. ఒక్కొక్కరికి లోపలున్న ఒకరిని అప్పగించండి. ఆ మనిషి చెప్పిన గట్టి మాట ఒకటి, చెప్పగలిగీ చెప్పని మాట ఒకటి రాయమనండి. ఆ రెండోది రాయాలంటే చాలా జాగ్రత్తగా వినాలి.

లోపలివాళ్లలో ముగ్గురికి బాధ్యతలుండాలి. ఒకరు నడుపుతారు. ఒకరు బోర్డు మీద మాటలు రాస్తారు. మూడో మనిషి పని ఒకటే: ఎవరైనా 'లాక్ అలా అన్నాడు' అంటే 'ఏ వాక్యంలో?' అని అడగడం. ఈ మూడో మనిషి వల్లే చర్చ నేల మీద ఉంటుంది. నడిపే బాధ్యత క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లకు ఇవ్వకండి. వాళ్లు జవాబు చెప్పేస్తారు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల ఊపే అలవాటున్న పిల్ల గానీ పిల్లాడు గానీ ఎవరో మీకు తెలిసే ఉంటుంది, వాళ్లకివ్వండి. ప్రతిసారీ మార్చండి. మగపిల్లలు నడపడం, ఆడపిల్లలు రాయడం అన్న పంపకం మాత్రం ఒక్కసారి కూడా జరగనివ్వకండి. తర్వాత చదవబోయే పాఠంలో సగం దాని గురించే.

మూడో పని: ప్రశ్న వాళ్లది

ఒక పిల్ల గట్టిగా చదువుతుంది, మిగతావాళ్లు పెన్సిలుతో గీసుకుంటారు. మళ్లీ ఒకసారి మౌనంగా. తర్వాత పక్కనున్నవాళ్లతో ఇద్దరిద్దరుగా మూడు నిమిషాలు మాట్లాడుకుని, ఒక్కొక్కరు ఒక చీటీ మీద ఒక ప్రశ్న రాయాలి. ఇద్దరిద్దరి మాటను వదిలేయకండి. అందరి ముందు నోరు తెరవని పిల్ల పక్కపిల్లతో మాట్లాడుతుంది. అక్కడ ఒకసారి బయటికొచ్చిన మాటే రెండోసారి ధైర్యంగా వస్తుంది.

ప్రశ్నలు ఎలా ఉండాలో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. 'జవాబు ఈ కాగితంలో నేరుగా దొరికే ప్రశ్న వద్దు, గూగుల్‌లో దొరికేదీ వద్దు, మీరిద్దరూ ఒప్పుకోలేకపోయిన చోటు రాయండి' అంటే చాలు.

పైన ఇచ్చిన లాక్ భాగానికి విశాఖలో వచ్చే ప్రశ్నలు చూడండి. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పిల్లలుంటే మొదటి చీటీల్లోనే ఒకటి ఇలా ఉంటుంది: 'బోటు ఓనర్‌ది, వల లాగింది కలాసీలు. చేప ఎవరిది?' లాక్ రాసినదాన్నిబట్టి కష్టం కలిపినవాడిదే కావాలి. మరి డీజిల్ డబ్బు? బోటు మీద తెచ్చిన అప్పు? సముద్రంలోకి వెళ్లని ఓనర్‌ది ఏ కష్టం? ఇంట్లో వాటాల లెక్క విన్న పిల్లలు ఇక్కడ పెద్దవాళ్లలా మాట్లాడతారు. ఎప్పుడూ వెనక బెంచీలో ఉండేవాడు వేటకెళ్లి వచ్చాక డబ్బు ఎలా పంచుకుంటారో వివరిస్తుంటే, మార్కుల్లో ముందుండేవాళ్లు నోట్ చేసుకోవడం మీరు చూస్తారు.

ఈ ప్రశ్న బాగా రాజుకున్నాక ఇవ్వడానికి రెండో చీటీ జేబులో పెట్టుకోండి. అదే అధ్యాయంలో ఒకట్రెండు పేరాల ముందు లాక్ ఇంకో మాట అన్నాడు: నా గుర్రం మేసిన గడ్డి, నా పనివాడు కోసిన గడ్డిదుబ్బ, ఎవరి సమ్మతీ లేకుండానే నా ఆస్తి అవుతాయి. పనివాడి కష్టం యజమాని ఖాతాలో పడిపోయింది! దీన్ని మీరు ముందే చెప్పేస్తే అదొక సమాచారం. కలాసీల గురించి అరగంట కొట్టుకున్న తర్వాత చదివితే పిల్లలు కాగితం మీద విరుచుకుపడతారు. 'ఇందాక ఒంటి కష్టం మనిషి సొంతం అన్నాడు కదా!' అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట మీ నోట రాకూడదు. రెండు పీరియడ్లు పట్టినా సరే, ఆగండి.

మరో చీటీ 'సరిపడినంత మిగిలి ఉండాలి' అన్న షరతు మీద వస్తుంది. రింగు వలతో కొందరు చేపల గుంపు మొత్తాన్ని లాగేస్తే చిన్న తెప్పలవాళ్లకు ఏం మిగిలింది? 2022 జనవరిలో ఇదే గొడవ మన తీరంలో ముదిరి పడవలు తగలబడ్డాయి. క్లాసులో రెండువైపుల పేటల పిల్లలూ ఉండొచ్చు. కాబట్టి ఒక నియమం ముందే బోర్డు మీద రాయించండి: పేట పేరు, కులం పేరు, పార్టీ పేరు వాదనలో రాకూడదు. వల గురించి, వాటా గురించి, కాగితం మీద ఉన్న షరతు గురించి మాట్లాడండి. ఈ నియమం పిల్లల నోరు నొక్కడానికి కాదు. ఎవరింటికి వెళ్లినా వాళ్లు తలెత్తుకుని వెళ్లేలా చూడటానికి.

వేట నిషేధం ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ప్రభుత్వం భృతి ఇస్తుంది. సముద్రం అందరిదీ అయితే ఆపడానికి ప్రభుత్వం ఎవరు? జనం ఒప్పుకోవడం వల్లే ప్రభుత్వానికి అధికారం వస్తుందన్న ఆలోచనే సామాజిక ఒప్పందం. ఈ ఒక్క ప్రశ్నలో అది మొత్తం ఉంది. ఆపకపోతే రేపు ఎవరికీ చేప ఉండదు కాబట్టి అందరం ఒప్పుకున్నాం అని ఒకరంటారు. నేనెప్పుడు ఒప్పుకున్నాను, నన్నెవరు అడిగారు అని ఇంకొకరు. పేటలో పెద్దలు కూర్చుని కట్టుబాటు చేస్తే వింటాం, ఆఫీసు నుంచి కాగితం వస్తే కోపమొస్తుంది, ఎందుకని అని మూడో పిల్ల. ఆ మూడో ప్రశ్నకు లాక్ దగ్గర సమ్మతి గురించి ఓ జవాబుంది, రూసో దగ్గర మరొకటి ఉంది. తర్వాతి చర్చకు ఏ మూలభాగం ఇవ్వాలో పిల్లలే మీకు చెప్పేశారన్నమాట.

చీటీలన్నీ నడిపేవాళ్లు గట్టిగా చదవాలి. ఒకేలాంటివి కలపాలి. ఏది ముందో చేతులెత్తి తేల్చుకోవాలి. ఓడిన ప్రశ్నలు పారేయకండి, ఓ చార్టు మీద అతికించి గోడకు పెట్టండి.

సముద్రానికి దూరంగా, పెందుర్తి వైపో అనకాపల్లి వైపో బడి ఉంటే ఈ చేప అంతగా పట్టుబడదు. అక్కడ చెరువు నీళ్లు, ఊరి పోరంబోకు, అపార్ట్‌మెంట్ బోరు, ఏది ఉమ్మడిగా ఉండి ఎవరో ఒకరు వాడుకుంటున్నారో అదే తీసుకోండి.

నాలుగో పని: మీరు కూర్చోవడం

అన్నిటికంటే కష్టమైనది ఇదే. వలయం బయట, నడిపేవాళ్లకు ఎదురుగా కాకుండా పక్కకు కూర్చోండి. ఎదురుగా ఉంటే ప్రతి వాక్యం చివరా పిల్లల చూపు మీ వైపు తిరుగుతుంది, సరేనా సార్ అన్నట్టు. తల ఊపినా, చిన్నగా నవ్వినా తీర్పు ఇచ్చినట్టే. కాబట్టి తల దించుకుని కాగితం మీద వలయం గీయండి, పేర్లు రాయండి. ఎవరు మాట్లాడాక ఎవరు మాట్లాడారో గీతలు గీయండి. చర్చ అయ్యాక ఆ బొమ్మ పిల్లలకే చూపించండి. గీతలన్నీ నలుగురి మధ్యే తిరిగాయని వాళ్లకే కనిపిస్తుంది, రెండోసారికి వాళ్లే సర్దుకుంటారు.

మీరు నోరు విప్పాల్సిన సందర్భాలు మూడు. వాస్తవం తప్పు పోతే: 'లాక్ ఫ్రాన్స్ రాజును చంపించాడు' అని ఎవరైనా అంటే ఒక్క వాక్యంలో సరిచేసి ఊరుకోండి. వాదన మనిషి మీదికి వెళితే వెంటనే ఆపండి. ఇక మూడోది, మాట నిజంగా ఆగిపోతే. ఆగిపోయిందని మీకు అనిపించిన క్షణంలో ఆగిపోయి ఉండదు. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒకరు మాట కూడబలుక్కుంటూ ఉంటారు. మనసులో ముప్పై దాకా లెక్కపెట్టుకోండి. అప్పటికీ ఎవరూ కదలకపోతే మీ అభిప్రాయం చెప్పకుండా, 'దీనికి ఎదురుమాట ఎవరైనా చెప్పగలరా?' అనో, 'నాలుగో వాక్యం మళ్లీ చదవండి' అనో అనండి.

మీరు ఎవరికి ఓటేస్తారో పిల్లలకు తెలియకూడదు. అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఓటు రహస్యమని చెప్పి, ఎందుకు రహస్యమో చర్చించుకోమనండి.

అయిదో పని: రెండో మనిషిని దింపడం

ఒక్క లాక్‌తో ఆగితే పిల్లలు లాక్ భక్తులైపోతారు. వెంటనే ఎదురుగా ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్‌ను పెట్టండి. అతని లెవయతాన్ 1651లో వచ్చింది. 1642లో ఇంగ్లండులో అంతర్యుద్ధం మొదలైంది, 1649లో రాజు తల నరికారు, హాబ్స్ పారిస్‌లో తలదాచుకుని ఆ పుస్తకం రాశాడు. ఈ మూడు వాక్యాలు చెప్పి, పదమూడో అధ్యాయం నుంచి అయిదారు వాక్యాలు ఇవ్వండి. అందరినీ భయపెట్టే అధికారం లేకపోతే మనిషి బతుకు ఒంటరిది, దరిద్రమైనది, జుగుప్సాకరమైనది, పశుప్రాయం, క్షణికం అంటాడు. తుపాను రోజుల గురించి అడగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి కరెంటు, ఫోన్లు, నీళ్లు పోయినప్పుడు మన వీధుల్లో ఏం జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి. పాలప్యాకెట్ రేటు పెంచి అమ్మినవాళ్ల కథలూ వస్తాయి, ఒకే బోరు దగ్గర వీధంతా వంతులు వేసుకుని నీళ్లు పట్టుకున్న కథలూ వస్తాయి. హాబ్స్ చెప్పింది నిజమా, లాక్ చెప్పింది నిజమా అన్నది ఆ కథలు పక్కపక్కన పెట్టి పిల్లలే తేల్చుకోవాలి.

రూసో దగ్గరికి వచ్చేసరికి ఈ నేల చరిత్రను తెరవండి. 1762లో వచ్చిన అతని పుస్తకం సామాజిక ఒప్పందంలో మొదటి భాగం మూడో అధ్యాయం పేరే బలవంతుడి హక్కు. అడవి అంచున దొంగ తుపాకి చూపిస్తే డబ్బు సంచి ఇస్తాను, నిజమే, కానీ దాచుకునే వీలుంటే కూడా ఇవ్వడం నా ధర్మమా అని అడుగుతాడు. బలం వల్ల హక్కు పుట్టదన్నది అతని వాదన. ఈ భాగం చదివించాక బోర్డు మీద ఒక గీత గీసి మూడు సంవత్సరాలు రాయించండి. 1748, మాంటెస్క్యూ గ్రంథం ద స్పిరిట్ ఆఫ్ లాస్. 1757 జనవరి, బొబ్బిలి యుద్ధం. 1762, రూసో.

బొబ్బిలి కథ తెలియని పిల్లలు ఇక్కడ ఉండరు. తాండ్ర పాపారాయుడి పేరు చెప్పగానే మొహాలు మారతాయి. ఆ కోట మీదికి వచ్చిన సేనకు నాయకుడు బుస్సీ, ఫ్రెంచివాడు. ఆ ఏడాదే అతను విశాఖలోని ఇంగ్లీషు కోటను కూడా పట్టుకున్నాడు. మాంటెస్క్యూ, రూసో అధికారం గురించి రాస్తున్న రోజుల్లోనే వాళ్ల భాష మాట్లాడే సైన్యం మన కోటల ముందు ఫిరంగులు నిలిపింది. ఈ తేదీలు బోర్డు మీద పెట్టి మీరు పక్కకు జరగండి. 'ఆ పుస్తకాలు మన కోసం కూడా రాశారా?' అన్న ప్రశ్న పుట్టకుండా ఉండదు.

ఒప్పందం అన్న మాటకు ఇంకో స్థానిక ఉదాహరణ ఉంది, దీన్ని ఎక్కువమంది వాడరు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీ మీద యుద్ధానికి వాళ్లను ఓడలో మద్రాసు పంపాలనుకున్నారు. సముద్రం మీద వెళ్లం అన్నారు వాళ్లు. కొలువులో చేరిన మనిషి ఎంతవరకు ఒప్పుకున్నట్టు? ఏ పనికి ఒప్పుకోనట్టు? పెద్ద క్లాసుల పిల్లలు దీన్ని కంపెనీ ఉద్యోగాల కాంట్రాక్టు దాకా లాక్కెళ్తారు, వెళ్లనివ్వండి.

డిగ్రీవాళ్లకైతే రూసో మూడో భాగం పదిహేనో అధ్యాయంలోని ఒక వాక్యం చాలు: ఇంగ్లీషువాళ్లు తమను స్వతంత్రులనుకుంటారు, కానీ పార్లమెంటు సభ్యుల్ని ఎన్నుకునేటప్పుడు మాత్రమే స్వతంత్రులు, ఎన్నిక అవగానే బానిసలు. పీరియడ్ సరిపోదు.

మాంటెస్క్యూకు చర్చ కంటే ఆట బాగా పని చేస్తుంది. క్లాసును మూడు జట్లు చేయండి. ఒక జట్టు ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించి నియమం పెడుతుంది, రెండోది అమలు చేస్తుంది, మూడోది తీర్పు చెప్తుంది. రెండో రౌండులో మూడు పనులూ ఒకే జట్టుకు ఇవ్వండి. కాసేపట్లో మిగతావాళ్లు గొల్లుమంటారు. అప్పుడు మాంటెస్క్యూ గ్రంథంలో పదకొండో భాగం ఆరో అధ్యాయం చదివించి, మన రాజ్యాంగంలో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చేయాలన్న 50వ అధికరణాన్ని పక్కన పెట్టండి. ఎవరో ఒకరు లేచి, 'సార్, మన క్లాసులో రూలు పెట్టేదీ, పట్టుకునేదీ, శిక్ష వేసేదీ మీరే కదా' అంటారు. ఆ మాట వచ్చిందంటే పాఠం అందినట్టే. ఆ రోజునుంచి ఆ మూడింటిలో ఒకటి, కనీసం ఆలస్యం రూలు వరకైనా, పిల్లలకు నిజంగా అప్పగించండి. అప్పగించకపోతే మనం చెప్పిన దాన్ని మనమే నమ్మడం లేదని వాళ్లకు అర్థమైపోతుంది.

ఆరో పని: ఎవరిని వదిలేశారు?

ఇది లేకుండా జ్ఞానోదయ యుగం పాఠం చెప్పడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మనుషులందరూ అన్న మాట వచ్చిన ప్రతిచోటా పిల్లలు వేలు పెట్టి, 'ఇందులో నేనున్నానా?' అని అడగాలి.

లాక్ బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు కొన్నాడు. రూసో 1762లోనే ఎమిల్ అనే గ్రంథంలో ఆడపిల్ల చదువు మగవాడి అవసరాలకు తగ్గట్టు ఉండాలన్నాడు. 1789 ఫ్రెంచి విప్లవ హక్కుల ప్రకటన చదివిన రచయిత్రి ఒలింప్ ద గూజ్ 1791లో స్త్రీ హక్కుల ప్రకటన రాసింది. 1793లో ఆమెను గిలటిన్ కింద చంపారు. 1792లో ఇంగ్లీషు రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రూసోను పేరుపెట్టి నిలదీసింది. ఫ్రెంచి వలస హైతీలో 1791లో బానిసలు తిరగబడి, 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. స్వేచ్ఛ, సమానత్వం అన్న మాటల్ని ఫ్రాన్స్ కంటే గట్టిగా పట్టుకున్నది వాళ్లే. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ నుంచి ఓ అయిదు వాక్యాలు, ఎమిల్ నుంచి అయిదు వాక్యాలు ఒకే కాగితం మీద ఎదురెదురుగా వేసి ఇవ్వండి. ఆడపిల్లలు నడపాలి.

మన ప్రాంతానికి వస్తే, లాక్ ఆస్తి వాదాన్ని ఏజెన్సీకి తీసుకెళ్లి చూడండి. దున్ని సాగు చేయని నేల వృథా నేల అంటాడు లాక్. అమెరికాలో అక్కడివాళ్ల భూములు లాక్కోవడానికి ఆ వాదం పనికొచ్చింది. మరి పోడు? కొన్నేళ్లు సాగు చేసి, అడవికి వదిలి, మళ్లీ తిరిగొచ్చే సాగులో కష్టం ఎక్కడ కలిసింది, భూమి ఎప్పుడు 'ఖాళీ'? 1882 మద్రాసు అటవీ చట్టం ఆ సాగును, అడవిలో తిరుగుడును కట్టడి చేసింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడటం వెనక ఆ కట్టడి ఉంది, రోడ్డు పనుల వెట్టి ఉంది. ఆస్తి విషయంలో అడవివాళ్లకు ఎదురు తిరిగిన లాకే, పాలకులు వరసపెట్టి అన్యాయాలు చేస్తుంటే జనం తిరగబడవచ్చనీ రాశాడు. ఒకే మనిషి ఒక అధ్యాయంలో గిరిజనుడి నేల తీసేసుకుంటాడు, ఇంకో అధ్యాయంలో అతని చేతికి న్యాయం ఇస్తాడు. పదో తరగతి పిల్లలకు ఇది అర్థం కాదనుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లో ఇలాంటి వైరుధ్యాలు వాళ్లు రోజూ చూస్తారు.

దీన్ని ఇవాళ్టి దాకా తేవాలంటే 1997 సమతా తీర్పు ఉంది. అనంతగిరి మండలంలో, బొర్రా ప్రాంతంలో, గనుల లీజుల మీద పుట్టిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. బొర్రా గుహలు పిక్నిక్‌కు చూసొచ్చిన పిల్లలే అందరూ. ఆ కొండల మీద హక్కు ఎవరిదన్న వాదం అక్కడే జరిగిందని ఎవరూ చెప్పి ఉండరు.

చివరగా అంబేడ్కర్. మన రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం చూడగానే ఫ్రెంచి విప్లవం అని రాసేయడం పిల్లలకు అలవాటు. 1954లో రేడియో ప్రసంగంలో అంబేడ్కర్ వాటిని తాను ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకోలేదు, బుద్ధుడి బోధనల నుంచి తీసుకున్నానన్నాడు. తొట్లకొండ, బావికొండ మన పక్కనే ఉన్నాయి. భిక్షువులు కలిసి బతికిన ఆరామాల మధ్య నిలబడి, కలిసి బతికేవాళ్లు నియమాలు ఎలా పెట్టుకుంటారన్న చర్చ చేయించడానికి ఒక ఆదివారం చాలు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరిక, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అన్న భాగం, అక్కడే చదివించండి.

ఒక జాగ్రత్త. 'నీ మాటతో నేను ఏకీభవించను, కానీ ఆ మాట అనే నీ హక్కు కోసం ప్రాణమిస్తాను' అన్న వాక్యాన్ని ఫ్రెంచి రచయిత వోల్టేర్ పేరుతో బోర్డు మీద రాయకండి. అది వోల్టేర్ రాసింది కాదు. 1906లో అతని గురించి పుస్తకం రాసిన ఒక రచయిత్రి అతని వైఖరిని అలా చెప్పింది. వోల్టేర్ నిజంగా ఏం చేశాడో చెప్పాలంటే కలాస్ కేసు ఉంది. 1762లో ఫ్రాన్స్‌లో వేరే మతశాఖ కుటుంబానికి చెందిన జాన్ కలాస్‌ను, కొడుకును చంపాడన్న అబద్ధపు నేరం మీద చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ తీర్పు తిరగరాయించేదాకా వోల్టేర్ వదల్లేదు.

మార్కులు, సిలబస్, హెచ్.ఎం.గారు

రెండు వారాలకు ఒక పీరియడ్ చాలు. సిలబస్ ఆగిపోతుందని హెచ్.ఎం.గారు అడిగితే పిల్లల పరీక్ష పేపర్లు చూపించండి. లాక్ మీద గంటసేపు కొట్టుకున్నవాళ్లు అతని గురించి మూడు వాక్యాల జవాబు మర్చిపోరు.

ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కపెట్టి మార్కులు వేయకండి. అలా చేస్తే గట్టిగొంతులకే మార్కులు. చివరి ఏడు నిమిషాల్లో ప్రతి ఒక్కరూ రాయాలి: చర్చకు ముందు నేనేమనుకున్నాను, ఇప్పుడేమనుకుంటున్నాను, ఎవరి మాట వల్ల, కాగితంలో ఏ వాక్యం వల్ల. అభిప్రాయం మారకపోయినా ఫర్వాలేదు, దానికి వ్యతిరేకంగా తను విన్న బలమైన మాటను న్యాయంగా రాస్తే పూర్తి మార్కులివ్వండి. పక్కవాడి పేరు రాసి, 'వాడన్నది నాకింకా నచ్చలేదు గానీ జవాబు దొరకలేదు' అని ఒక పిల్లాడు రాస్తే, నా దృష్టిలో ఆ కాగితం అన్నిటికంటే మంచిది.

మూడు నాలుగు చర్చలయ్యాక మూలభాగం ఎంచుకునే పనిని కూడా వాళ్లకే ఇవ్వండి. గోడ మీది చార్టులో మిగిలిపోయిన ప్రశ్నల్ని అయిదుగురు పిల్లలు చదివి, ఏది తీసుకోవాలో చెప్తే, దానికి సరిపోయే పేజీలు రెండు మూడు మీరు వెతికి పెట్టండి. నేరాలు శిక్షల గురించి ప్రశ్నలుంటే 1764 నాటి బెకారియా, మతం గురించైతే వోల్టేర్, ఆడపిల్లల చదువు గురించైతే వుల్‌స్టన్‌క్రాఫ్ట్. వాటిలో ఏ పది వాక్యాలు జిరాక్స్‌కు వెళ్లాలో ఆ అయిదుగురే గీసి ఇస్తారు.